నల్లపులి తల్లి

గడచిన మాసమున విజయనగరమున మా పొరుగింటి బారసాలకు పోయితిమి. కోడలికిది రెండవ కాన్పు, బిడ్డ యాడుపిల్ల. విశాలమైన కన్నులు, ఒత్తైన జుట్టు. మేనిచాయ మాత్రము నలుపు. తల్లిదండ్రులిద్దరును తెల్లనివారే. ఉయ్యాలచెంత గూర్చున్న యత్తగారు వచ్చిన ముత్తైదువ కెల్ల నొకటే మాట చెప్పుచుండిరి: "మా యింటావంటా లేని నలుపమ్మా! తొమ్మిది నెలలు కుంకుమపువ్వు పాలు త్రాగించితిమి, ఏమి లాభము?" బాలింతరాలు తల యెత్తలేదు. ఆ ములుకు దగులవలసిన చోటనే తగిలినది.

కుంకుమపువ్వుపాలకు బిడ్డ చాయను మార్చు శక్తి లేదు. అది సొమ్ము దండుగ. ఆ మాట యటుంచి, నాడు మాకు జ్ఞప్తికి వచ్చిన నల్లపులుల సంగతి చెప్పెదము.

మన శ్రీకాకుళము, ఇచ్ఛాపురము దాటి ఓడ్రదేశమున ఉత్తరముగా బోగా, మయూరభంజ జిల్లాలో సిమిలిపాల్ అను మహారణ్యము కలదు. అచ్చటి పులులలో కొన్నింటికి చారలు వెడల్పై యొకదానితో నొకటి కలిసిపోయి, మేనెల్ల కాటుక పూసినట్లు కనబడును. పసుపువన్నె సందులలో మాత్రము తొంగిచూచును. కొందఱు దీనిని వేఱొక జాతి పులి యనుకొందురు. కాదు, అదియు మన చారలపులియే.

బెంగుళూరునందలి జాతీయ జీవశాస్త్ర కేంద్రమునకు జెందిన డాక్టరు ఉమా రామకృష్ణన్ గారును వారి తోడివారును దీని కారణమును 2021లో వెల్లడించిరి. చారల యమరికను నిర్ణయించు టాక్‌పెప్ అను జన్యువులో నొక్క యక్షరము మాఱినదట. ప్రతి పిల్లకును ఆ జన్యువు రెండు ప్రతులుగా సంక్రమించును: తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. మాఱిన ప్రతి యొక్కటియే యున్నచో పులి మామూలు వన్నెతోనే యుండును. రెండును మాఱినవైననే నలుపు. కావున పచ్చని తల్లికిని పచ్చని తండ్రికిని నల్లపిల్ల పుట్టుట వింత గాదు. తండ్రి యియ్యనిదే తల్లి యొక్కతియే యా నలుపు నియ్యజాలదు. ఆఫ్రికాఖండపు చీతాలలో మచ్చలు కలిసి చారలైన వానికిని, చారలు సుడులు దిరిగిన పెంపుడుపిల్లులకును ఈ జన్యువే కారణము.

మనుష్యుల చాయ యింత సుళువైన లెక్క గాదు. పెక్కు జన్యువులు కూడి దానిని నిర్ణయించును. అయినను వానిలో సగము తండ్రివే.

మఱి సిమిలిపాలుననే యింత నలుపేల? అచ్చటి పులులకు బయటి పులులతో రాకపోకలు లేవు. చిన్నగుంపులో మేనరికముపై మేనరికము జరిగి, దాగియున్నది పైకి వచ్చినది. ఆ పరిశోధకుల లెక్కలో అచ్చటి పులులలో నూటికి 37 నల్లనివే. నలుపు రోగము గాదు గాని, దాగిన లోపములును అట్లే బయటపడవచ్చును గదా! అందువలన క్రొత్తరక్తమునకై 2024లో మహారాష్ట్రమునందలి తడోబానుండి జమున, జీనత్ అను రెండు ఆడపులులను దెచ్చి విడిచిరి. జీనత్ క్రొత్తకాపురమున నిలువక ఝార్ఖండ్, వంగదేశముల దిరుగగా మరల పట్టి తేవలసివచ్చినది. పాపము, దాని నడిగి తెచ్చినవారెవ్వరు?

తెలుపునకు దక్కు మర్యాద వేఱు. విశాఖపట్టణపు జంతుప్రదర్శనశాలలో తెల్లపులి యెదుట జనము మూగియుండగా మేమును జూచితిమి. 1951లో రీవా మహారాజు మార్తాండసింగుగారు మోహన్ అను తెల్లపులిపిల్లను పట్టించిరి. తరువాత దానిని దాని కూతురైన రాధతోనే జతపఱచి 1958లో తెల్లపిల్లలను బుట్టించిరి. నేటి తెల్లపులులలో పెక్కింటికి మూలపురుషుడు మోహనే. వానిలో ననేకములకు మెల్లకన్ను. ఇదియు నొక జన్యువు మార్పే, దీనికిని రెండు ప్రతులు వలయును. అయినను తెల్లపులి తల్లిని నిందించినవారిని మే మెఱుగము.

ఇదంతయు నాడే ఉయ్యాలయొద్ద చెప్పితిమి. అత్తగారు చాలసేపు మాటాడక, "అయితే మా వానినుండియు వచ్చియుండునందువా అమ్మా?" అనిరి.

"వారికి మీనుండి వచ్చియుండవచ్చును, పిన్నిగారూ; మామగారినుండియు రావచ్చును" అంటిమి.

మూలనున్న మంచముమీద వారి యత్తగారు, తొంబదియేండ్ల ముదుసలి, అంతవఱకు నిద్రించుచున్నదనుకొంటిమి. ఆమె కిలకిల నవ్వి, దుప్పటిలోనుండి చేయి చాచి బిడ్డ చేతిప్రక్కన నుంచినది. రెండును ఒక్క చాయయే.