మనస్సుకు ఏ కొలబద్ద?

మెట్రిక్ కొలతలు రాకముందు మన దేశంలో శేరు, మణుగు ప్రాంతానికొక తూకంగా ఉండేవి. ఒక సీమ లెక్కను మరొక సీమలో వాడబోయిన వర్తకుడు చిక్కుల్లో పడేవాడు. మనస్సును కొలవబూనిన శాస్త్రజ్ఞులకూ ఇటువంటి చిక్కే ఎదురవుతున్నది.

పాళీ భాషలోని ‘సతి’ అనే మాటను 1881లో రీస్ డేవిడ్స్ పండితుడు ‘మైండ్‌ఫుల్‌నెస్’ అని ఇంగ్లీషు చేశాడు. వర్తమాన క్షణంపై నిలిచే ఎరుక అని నేటి మనస్తత్వవేత్తలు దానికి చెప్పే అర్థం. దీనిని కొలిచేందుకు అమెరికాలో రూత్ బేర్, ఆమె సహచరులు 2006లో 39 వాక్యాల ప్రశ్నావళిని ప్రకటించారు. పరిశీలించడం, మాటల్లో వర్ణించడం, మెలకువతో పనిచేయడం, తన తలపులకు తప్పొప్పులు అంటగట్టకపోవడం, వెంటనే చలించకపోవడం అనేవి అందులోని ఐదు ముఖాలు. ప్రతి వాక్యానికీ 1 నుంచి 5 వరకు అంకె వేయాలి.

మరొక దేశపు విశ్వవిద్యాలయ విద్యార్థులకు దీనిని ఇవ్వాలంటే అనువాదం ఒక్కటే చాలదు. అనువాదాన్ని, మూలం చూడని వేరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి, రెండింటినీ సరిపోల్చాలి. ఆపైన వందలాది విద్యార్థుల సమాధానాలు సేకరించి, ఆ ఐదు ముఖాలు అక్కడా విడివిడిగా కనిపిస్తున్నవా అని గణితం సాయంతో పరీక్షించాలి. కొన్ని వారాల తరువాత మళ్లీ అడిగి, సమాధానాల నిలకడను చూడాలి.

ఇంత చేసినా, అంకెలు కలిసినంత మాత్రాన అర్థాలు కలిశాయనలేము. బేర్ బృందం అధ్యయనంలోనే ‘పరిశీలించడం’ అనే ముఖం ధ్యానంతో పరిచయమున్న విద్యార్థులలో మిగిలిన వాటితో పొసగింది; మొత్తం విద్యార్థులలో పొసగలేదు. ధ్యానమెరుగని వ్యక్తి తన గుండె చప్పుడును గమనించడానికి కారణం ఆందోళన కావచ్చు గదా! థాయిలాండ్, అమెరికా విద్యార్థులను పోల్చిన పరిశోధకులు 2009లో తమ వ్యాసం శీర్షికలోనే, ఇది ఆపిల్ పండ్లను నారింజలతో పోల్చడమా అని ప్రశ్నించారు.

ఇది పండితుల వాదం మాత్రమే కాదు. ఆత్మవిమర్శ సద్గుణమని నేర్చి పెరిగిన విద్యార్థి, తన తలపులను తానే తప్పుపట్టుకుంటానని ఒప్పుకుంటే అతని అంకె తగ్గుతుంది. దానిని చూచి సలహాదారు అతని మనస్సు బలహీనమని తీర్మానిస్తే అన్యాయం కాదా? నిజంగా సాయం కావలసిన మరొక విద్యార్థి మంచి అంకె చాటున మరుగున పడిపోవచ్చు.

తెలుగు చేయబోయేవారికీ ఈ జాగ్రత్త తప్పదు. స్మృతి అంటే మనకు జ్ఞాపకం. ఎరుక అంటే జ్ఞానమే కాదు, సోది కూడా. ఏ మాటను విద్యార్థి ఎలా గ్రహించాడో అతనినే అడిగి తెలుసుకున్న పిమ్మటనే అంకెలు వేయడం న్యాయం.