విషయసూచికలో లేని పేర్లు

1954లో చందమామలో 'తోకచుక్క' సీరియల్ మొదలైంది. ఎవరు రాశారో పేజీలో ఎక్కడా లేదు. బొమ్మ మూలన మాత్రం 'చిత్రా' అని సంతకం ఉంది. ఆ తర్వాత 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' వచ్చాయి. దాదాపు పాతికేళ్లు అదే తీరు. ఖడ్గవర్మ ఎలా ఉంటాడో, జీవదత్తుడు ఎలా నిలబడతాడో, మాంత్రికుడి గడ్డం ఎక్కడిదాకా వేలాడుతుందో తెలుగు పిల్లలందరికీ తెలుసు. ఆ కథలన్నీ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు మాత్రం తెలియదు. తెలిసి అభిమానులు వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆయన పెద్ద వయసుకు వచ్చేశారు. 2010లో కన్నుమూశారు.

మన పత్రికల్లో మామూలుగా జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. విషయసూచికలో కథ పేరు, రచయిత పేరు, పేజీ నంబరు ఉంటాయి. బొమ్మ వేసినవారి పేరు ఉండదు. వారు సంతకం పెట్టుకుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పాత సంచికలు ఇప్పుడు తిరగేస్తుంటే ఈ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. కథను ఎప్పుడో మరిచిపోయిన చోట కూడా బొమ్మ గుర్తుండిపోయింది. వేసిందెవరో చెప్పడానికి ఆధారం లేదు.

బొమ్మల కథల లోకంలో పేర్లు పోవడం మన దగ్గరే జరిగింది కాదు. 1938లో జెర్రీ సీగల్ రాసి, జో షుస్టర్ బొమ్మలు గీసిన సూపర్‌మ్యాన్‌ను, హక్కులతో సహా, ఇద్దరికీ కలిపి నూట ముప్పై డాలర్లిచ్చి కంపెనీ తీసేసుకుంది. ఆ పాత్ర మీద వాళ్ల పేర్లు మళ్లీ రావడానికి 1970ల దాకా పట్టింది. 1939లో పుట్టిన బ్యాట్‌మ్యాన్‌కు రూపం, కథ ఇవ్వడంలో సగం పాలున్న బిల్ ఫింగర్ పేరు అధికారికంగా పడింది 2015లో. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. అక్కడ ఇలా మరుగునపడ్డ పేర్లను వెలికితీసినవాళ్లలో పాఠకులూ ఉన్నారు. పాత సంచికలు పక్కపక్కన పెట్టుకుని, ఈ ముక్కు గీసిన చెయ్యి ఎవరిది, ఈ నీడ పెట్టిన కుంచె ఎవరిది అని పట్టిపట్టి చూశారు. ఆ ఓపిక మనకూ కావాలి.

సూపర్‌మ్యాన్ దుస్తులు సర్కస్ బలశాలుల నుంచి వచ్చాయంటారు. ఒంటికి అతుక్కునే చొక్కా, దాని మీద లాగు, నడుముకు పట్టా. సర్కస్ బలశాలి అనగానే మన జిల్లాల్లో ఎవరి నోటికైనా ముందు వచ్చే పేరు వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి నాయుడు. విజయనగరంలో కండలు పెంచి, సర్కస్ పెట్టి దేశదేశాలు తిరిగిన ఆయన్ను జనం కలియుగ భీముడన్నారు. ఉక్కు గొలుసులు తెంచేవారు, గుండె మీద ఏనుగును నిలబెట్టుకునేవారు, రెండు మోటారు కార్లకు కట్టిన తాళ్లు పట్టుకుని వాటిని కదలనిచ్చేవారు కాదు. తొలి సూపర్‌మ్యాన్ పుస్తకం అట్ట మీద వీరుడు కారును నెత్తి మీదికి ఎత్తుతాడు. ఆ బొమ్మ అచ్చయ్యేనాటికి రామ్మూర్తి గారు బతికే ఉన్నారు. 1942లో పోయారు. ఇక్కడి పెద్దలు ఊహల్లో కాదు, డేరాలో టిక్కెట్టు కొనుక్కుని కూర్చుని చూశారు, మనిషి బలానికి హద్దెక్కడుందో. 'భీముడు' అన్న మాట వినగానే వాళ్ల కళ్ల ముందు ఒక నిజం మనిషి మెదిలేవాడు.

ఆ నేల మీదే, 1921లో శ్రీకాకుళంలో వడ్డాది పాపయ్య పుట్టారు. తండ్రి డ్రాయింగ్ మాస్టారు. పాపయ్య గారూ విజయనగరంలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. తర్వాత అనకాపల్లి దగ్గర కశింకోటలో స్థిరపడి, 1992 డిసెంబరులో కన్నుమూశారు. సభలకూ సన్మానాలకూ దూరంగా ఉన్న మనిషి. అట్టల మీద మాత్రం దశాబ్దాల తరబడి నెలనెలా కనిపించారు. చందమామకు పురాణ వీరుల్ని, 'యువ' పత్రికకు రుతువుల్ని, రాగాల్ని, ఆడవాళ్లని వేసి ఇచ్చారు. చందమామ పదికి పైగా భాషల్లో వెలువడేది. హిందీ పిల్లవాడి చేతికి వెళ్లిన సంచిక మీద కూడా మూలన తెలుగు అక్షరాల్లో 'వ.పా.' అని ఉండేది.

అమెరికా కామిక్స్‌లో బలం కండల్లో ఉంటుంది. కండ తర్వాత కదలిక. గుద్దు తగిలిన చోటు నుంచి గీతలు నాలుగు వైపులా చిమ్ముతాయి. చవక కాగితం మీద నాలుగు రంగుల చుక్కలతో అచ్చు వేయాలి కాబట్టి ఎరుపు ఎర్రగానే, నీలం నీలంగానే ఉండాలి. ఆ ఇరుకులోంచే వాళ్లొక గొప్ప శైలిని తీశారు. వపా దారి వేరు. ఆయన వీరుడిలో కండ తక్కువ, నిలకడ ఎక్కువ. నడుము సన్నం, ముక్కు సూటి, కన్ను పొడవుగా సాగి సగం మూసి ఉంటుంది. గద ఎత్తిన భంగిమలో కూడా దెబ్బ పడబోయే ముందు క్షణాన్నే పట్టుకుంటారు. కోపం ముఖంలో కంటే వేళ్ల బిగువులో తెలుస్తుంది. ఉత్తరీయం పొందూరు ఖద్దరులా పల్చగా, వెనకనున్న వెలుగును దాటనిస్తూ ఉంటుంది. రాక్షసుడికి కూడా దేవుడికి పెట్టినంత శ్రద్ధగా నగలు పెడతారు. నా మట్టుకు వపా గొప్పతనమంతా ఆ రాక్షసుల్లోనే ఉంది. ఓడిపోబోయేవాడి మీద అంత రంగు ఖర్చు పెట్టిన చిత్రకారులు ఎక్కువమంది లేరు.

ఈ బొమ్మలు మన ఇళ్లల్లో ఎలా మిగిలాయో చూడండి. ఒకప్పుడు నచ్చిన సీరియల్ పేజీలు వారం వారం, నెల నెలా విడదీసి, దాచి, కథ అయిపోయాక బైండింగుకు ఇచ్చేవారు. ప్రేమతో చేసిన పనే. దాని వల్లే ఎన్నో నవలలు ఈనాటికి మిగిలాయి. కానీ బైండరు ముందు చేసేది అట్ట ఊడదీయడం. తర్వాత లోపలి అంచున కుట్టు వేస్తాడు, పేజీ సగం దాకా పరుచుకున్న బొమ్మలో కొంత కుట్టులోకి పోతుంది. ఆ మీదట మూడు వైపులా కటింగు మిషను దించుతాడు. అంచులు నున్నగా వస్తాయి. అంచున ఉన్న సంతకం ముక్కలతో పాటు చెత్తబుట్టలో పడుతుంది. మా దగ్గరున్న ఒక పాత బైండు పుస్తకంలో ఒక బొమ్మ కింద అక్షరాల పైకొసలు మాత్రం మిగిలి ఉన్నాయి. ఎంతసేపు చూసినా ఎవరిదో పోల్చుకోలేం. గ్రంథాలయాల బైండ్లలోనూ ఇదే వరస. కథ మొత్తం దొరుకుతుంది, ముఖచిత్రం ఒక్కటీ ఉండదు.

మూల చిత్రాల సంగతి ఇంకా కష్టం. ప్రెస్సుకు వెళ్లిన బొమ్మ అచ్చయ్యాక దాని పని అయిపోయినట్టే లెక్క. అందుకని అచ్చయిన సంచికే మనకు మిగిలే మూలం. ఆ కాగితం పసుపెక్కి, పొడుంపొడుంగా రాలకముందే చూసుకోవాలి.

ఇందుకు దారి చూపినవారు మన ఊళ్లోనే ఉండేవారు. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట ఉండాలన్నది ఆయన పట్టు. గొప్ప కథలే ఏరి దాచాలనుకోలేదు. ఎవరు రాశారు, ఏ పత్రికలో, ఏ నెలలో వచ్చింది, అన్నీ నమోదు కావాలన్నారు. పేరు తెలియని రచయిత కూడా ఆ లెక్కలో ఉంటాడు. ఈ నియమంలో ఎంత మర్యాద ఉందో పాత పత్రికలతో పనిపడినవాళ్లకు తెలుస్తుంది. కథల కోసం పోగైన ఆ పత్రికల పేజీల్లోనే బొమ్మలూ ఉన్నాయి. పని సగం అయిపోయినట్టే. ఆ వివరాల పక్కన 'బొమ్మ: ఫలానా' అని ఒక గడి చేర్చాలి. సంతకం చూసో, గీత చూసో ఆ గడి నింపేవాళ్లు కావాలి.

ఇది పెద్ద సంస్థలు, పెద్ద గ్రాంట్లు ఉంటే తప్ప కాని పని కాదు. డ్రాయింగ్ నేర్చుకుంటున్న పిల్లలు, రిటైరైన మాస్టార్లు, పాత చందమామలు అటక మీద ఉన్న కుటుంబాలు కలిస్తే అవుతుంది. వపా చెయ్యి, చిత్రా చెయ్యి, విక్రమార్కుడి భుజాన శవాన్ని వేలాడదీసిన శంకర్ చెయ్యి పోల్చడం అంత కష్టం కాదు. కష్టమంతా చిన్న పత్రికల్లో చిన్న బొమ్మలు వేసి, సంతకం కూడా పెట్టుకోనివాళ్ల దగ్గర. వాళ్లను గుర్తుపట్టగలిగిన తరం ఇంకా మన మధ్య ఉంది. వాళ్లను ఇప్పుడే అడగాలి.

మీ ఇంట పాత సంచికలుంటే బైండింగుకు ఇవ్వకండి. అట్టలతో సహా విడివిడిగా, తడి తగలని చోట ఉంచండి. సంతకం ఉన్న మూల స్పష్టంగా పడేలా ఫోటో తీసి, పత్రిక పేరు, నెల, సంవత్సరం రాసి మాకు పంపండి. వచ్చినవన్నీ ఒక పట్టికగా కూర్చి, కోరినవారికి ఉచితంగా ఇస్తాం. ఈ సంచిక నుంచి మన విషయసూచికలో రచయిత పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో, బొమ్మ వేసినవారి పేరు ఉంటుంది.