బూట్ ఫ్లాపీని పారేయకండి

చాదర్‌ఘాట్‌లో పెళ్ళి శుభలేఖలు వేసే ఓ చిన్న డి.టి.పి. షాపు మూతపడ్డాక, దాని యజమాని నాకు ఒక మిఠాయి డబ్బా ఇచ్చారు. నిండా మూడున్నర అంగుళాల ఫ్లాపీలు. "మా నాన్నగారి పద్యాలు వీటిలోనే ఉన్నాయి బాబూ, కాస్త చూసి పెట్టు" అన్నారు.

"ఫైళ్ళు కాపీ చేసుకుంటే సరిపోదా?" అన్నాడు మిత్రుడు. నేనూ మొదట అదే చేశాను. తెరిస్తే తెలుగు లేదు, పిచ్చి గీతలు. ఆ తెలుగు ప్రోగ్రాము డాస్‌లో తప్ప నడవదు.

సరే, వర్చువల్ మెషిన్‌లో, అనగా కంప్యూటర్ లోపలి ఉత్తుత్తి కంప్యూటర్‌లో, డాస్‌ను లేపుదామనుకున్నాను. దానికి ఫ్లాపీ ఇమేజి కావాలి. లెక్క తేలికే: 2 వైపులు, వైపుకు 80 ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు, వెరసి 14,74,560 బైట్ల ఫైలు. లినక్స్‌లో ఖాళీ ఇమేజిని ఫార్మాట్ చేసి, డబ్బాలో 'బూట్' అని రాసున్న ఫ్లాపీ నుంచి ఐ.ఓ. సిస్, ఎం.ఎస్.డాస్ సిస్, కమాండ్ కామ్ అందులో వేశాను. ఇది బూట్ అయ్యే డిస్కు కాదు పొమ్మంది!

తప్పు నాదే. కంప్యూటర్ లేస్తూనే చదివేది మొదటి 512 బైట్లను, అదే బూట్ సెక్టార్. ఐ.ఓ. సిస్‌ను వెతికి పిలిచేది అది. ఫైళ్ళు కాపీ చేస్తే అది వెంట రాదు. డాస్‌లో 'సిస్' కమాండ్ ఇవ్వాలి. లేదా అసలు ఫ్లాపీని సెక్టారు వెంట సెక్టారుగా దించాలి. లినక్స్‌లో 'డిడి' ఆ పని రెండు నిమిషాల్లో చేసింది. తెలుగు అక్షరాలను లోడ్ చేసే ఏర్పాటు కూడా ఆ ఫ్లాపీలోనే ఉంది. దాన్నే నేను పనికిరాదని పక్కన పడేసింది!

అందుకే మన లైబ్రరీవారికి నా మనవి. పాత సావనీర్ల ఫ్లాపీలు బీరువాల్లో ఎక్కడైనా ఉంటే, ఫైళ్ళు మాత్రమే గాక ప్రతి ఫ్లాపీకీ పూర్తి ఇమేజి తీయించవలసి ఉన్నది, బూట్ ఫ్లాపీతో సహా. స్కాన్ చేసిన అచ్చుప్రతి చాలదా అనే లెక్చరర్లున్నారు. అచ్చుకెక్కని రచనల మాటేమిటి? సోనీ 2011లోనే జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. అయస్కాంతపు పూత మనకోసం ఆగదు.

డబ్బాలో దొరికినవి నాలుగే పద్యాలు, మిగతావన్నీ శుభలేఖలు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని తెర మీద చదివారు. "ఇక్కడ నాన్న అరసున్న పెట్టారయ్యా, కంపోజింగులో నేనే వదిలేశాను" అన్నారు.