టేపుకి అందని గార్డు

2009లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకున్నప్పుడు మిన్నెసోటాకి అయిదో వంతూ ఆరో వంతూ వరసగా దక్కాయి. రెండుసార్లూ గార్డుల్నే తీసుకుంది: మొదట స్పెయిన్ కుర్రాడు రికీ రూబియో, వెంటనే జానీ ఫ్లిన్. ఏడో వంతు వచ్చిన గోల్డెన్ స్టేట్ తీసుకున్న పేరు స్టెఫెన్ కరీ. మనిషి బక్కపలచన, గట్టిగా తోస్తే నిలబడడు, ఆట నడిపే అసలైన గార్డు కాడు అని అప్పటికే పరిశీలకులు అతని లోపాలు రాసిపెట్టారు. అవేవీ కల్పించినవి కావు. రే అలెన్ పేరిట ఉన్న 2,973 మూడు పాయింట్ల బుట్టల రికార్డుని 2021 డిసెంబరులో దాటేసింది ఆ బక్కపలచని మనిషే. పరిశీలకులు చూడాల్సింది చూశారు. చూసినదానికి వెల కట్టడంలోనే పొరబడ్డారు.

లోపాలన్నీ ఒక జాతివి కావు, పొరపాటంతా అక్కడే ఉంది. ఒళ్లు పెరగకపోవడం వయసుతో తీరేది. ఎడమ చెయ్యి ఆడకపోవడం సాధనతో తీరేది. ఎదుటివాడు ఎటు కదులుతాడో ముందే పసిగట్టలేకపోవడం మాత్రం కోచ్‌ని ఏడిపిస్తుంది. షూటింగ్ ఈ రెండో మూడో జాతుల నడుమ ఎక్కడో ఉంటుంది. 1994లో రెండో పేరుగా ఎంపికైన జేసన్ కిడ్‌కి జంప్ షాట్ లేదని, పేరులోంచి మొదటి అక్షరం తీసేసి ‘ఏసన్’ అని వెక్కిరించేవాళ్లు. 2013లో ఆట మానేసే వేళకి మూడు పాయింట్ల బుట్టల మొత్తం లెక్కలో ఆయనది మూడో స్థానం. పద్నాలుగేళ్లకే స్పెయిన్ పెద్ద లీగ్‌లో ఆడిన రూబియోకి మాత్రం పాసింగ్ ఎంత గొప్పదో, షూటింగ్ చివరిదాకా అంత నిలకడ లేనిది. కాబట్టి ‘షూటింగ్ బలహీనం’ అని ఊరికే రాసిన నివేదిక ఎవరికీ ఏమీ చెప్పదు.

మన సెలక్షన్ల దగ్గర ఈ లెక్కలేవీ ఉండవు, ముందు ఎత్తు కొలిచే టేపు బయటికొస్తుంది. మన దేశం నుంచి అమెరికా దృష్టిలో పడ్డవాళ్లని చూడండి. 2015లో డాలస్ 52వ పేరుగా ఎంచుకున్న సత్నామ్ సింగ్‌ది ఏడడుగులు దాటిన ఎత్తు. తర్వాతి పాల్‌ప్రీత్, అమ్‌జ్యోత్, ప్రిన్స్‌పాల్ అందరూ ఆరున్నర అడుగులు దాటినవాళ్లే. వాళ్లలో ఎవరూ ఎన్‌బీఏ మ్యాచ్‌లో అడుగుపెట్టలేకపోయారు, గార్డు ఒక్కడూ లేడు. బంతిని ఎనిమిది సెకన్లలో సగం గీత దాటించి, ఇరవై నాలుగు సెకన్లలో జట్టు చేత షాట్ వేయించే పని గార్డుది. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనైనా మరెక్కడైనా, పొద్దున పరుగు, మధ్యాహ్నం నిలబడి పది షాట్లు అన్నంత పరీక్షలో అలాంటివాడు కనపడే దారేది?

మన నెల్లూరు జిల్లా కోస్తాలో వెనామీ రొయ్యల సాగు చేసే రైతుని అడగండి. హేచరీకి పోయి సీడు కొనేటప్పుడు పొడుగొక్కటే చూసి డబ్బు కట్టడు. గిన్నెలో వేసి నీళ్లు గిర్రున తిప్పుతాడు. ప్రవాహానికి ఎదురీదే పిల్లెన్ని, నడుమ కుప్పపడే పిల్లెన్ని అని చూస్తాడు. ఉప్పదనం ఉన్నట్టుండి తగ్గించి ఎన్ని బతికాయో లెక్కపెట్టే పరీక్షా ఉంది. రొయ్య పిల్లకి చేసే ఈ పాటి పరీక్ష పద్నాలుగేళ్ల పిల్లకో పిల్లాడికో చెయ్యమంటే అది పెద్ద కోరికేం కాదు. ఇద్దరు డిఫెండర్లని మీదికి తోలి, బంతి చేతికిచ్చి చూడాలి. తల నేలకేసి డ్రిబుల్ చేస్తున్నాడా, కళ్లు పైన పెట్టాడా? కుడివైపు దారి మూస్తే ఎడమకి తిరుగుతున్నాడా? బంతి పోగొట్టుకున్నాక అరక్షణంలో వెనక్కి పరిగెత్తాడా, చేతులు చాచి రిఫరీ వైపు చూస్తున్నాడా? నా మటుకు చివరిదే అసలు ప్రశ్న.

ఎత్తు నేర్పితే వచ్చేది కాదు కదా, టేపుని తీసిపారేస్తే ఎలా అంటారు. తీసిపారెయ్యమని కాదు. బ్యాడ్మింటన్‌లో పీవీ సింధు ఆటకి ఆమె పొడుగు చేసే మేలు అందరం చూస్తున్నదే. అయితే 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో దాదాపు రెండు గంటలు పోరాడి ఆమెని ఓడించింది ఆమెకన్నా జానెడు పొట్టి ఒకుహారా. పైగా పద్నాలుగేళ్లకి కొలిచిన ఎత్తు పిల్లలు ఎప్పుడు ఎదిగారో చెబుతుంది కానీ ఎంత ఎదుగుతారో చెప్పదు. ముందే ఎదిగినవాడు భుజబలంతో నెట్టుకొస్తాడు, ఎడమ చేతితో పని పడదు. పద్దెనిమిదేళ్లకి అందరూ అతనంత అవుతారు, ఎడమ చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోతుంది.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. టేపు సిఫార్సులు వినదు, ‘కళ్లు పైన పెట్టాడు’ అనే తీర్పు ఎవరి మేనల్లుడికైనా అనుకూలంగా వంగుతుంది. నిజమే, అందుకే ఆ తీర్పునీ లెక్కలోకి దింపాలి. ఒత్తిడి మధ్య బంతి ఇరవైసార్లు ఇస్తే ఎనిమిది సెకన్లలో ఎన్నిసార్లు గీత దాటించాడు, ఎన్నిసార్లు పోగొట్టాడు, ఎడమ చేత్తో ఎన్ని? ఇద్దరు వేర్వేరుగా రాయాలి, రెండు కాగితాలూ గోడకి అంటించాలి. ఒక్కో లోపం పక్కన అది ఒంటిదా, చేతిదా, చూపుదా అని కూడా రాయాలి. ఎంపిక కానివాళ్ల కాగితాలు కూడా దాచిపెట్టి, మరుసటేడు వాళ్లని మళ్లీ పిలిచి అదే ఇరవై బంతులు ఇవ్వాలి. మొదటి ఏడు రాసినవాళ్లే రెండో ఏడూ రాస్తే, పిల్లల ఆటతోపాటు సెలెక్టర్ల చూపు ఎంతపాటిదో కూడా ఆ గోడ మీదే తేలిపోతుంది.