సరిహద్దు పిల్లలకు తెలుగు పాఠములు

సంపాదకులవారికి,

హోసూరు ప్రాంతములో ముప్పది యేండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడను. పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారికి, తోటి ఉపాధ్యాయులకు ఒక సంగతి మీ పత్రిక ద్వారా విన్నవింపగోరుచున్నాను.

తమిళనాడులో 2006 నాటి చట్టముతో బడులలో తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమక్రమముగా తప్పనిసరి అయినది. రాష్ట్ర భాష నేర్వవలదని నేననను. అది మన పిల్లలకు అన్నము పెట్టు భాష. కాని ఇంట తెలుగు మాటలాడు పిల్ల తెలుగులో తన పేరు వ్రాసుకొనలేకపోవుట చూచినప్పుడు మనసు చివుక్కుమనును. మాకు అందిన పాఠములు గోదావరిని, పాపికొండలను వర్ణించును. అవి మంచివే. అయితే మా పిల్లలు కన్నులార చూచినవి కెలవరపల్లి డ్యాము, గులాబి తోటలు, ఇంటిలోని రాగి సంగటి.

అందుచేత మనుమరాలి సాయముతో కంప్యూటరుపై పాఠములు కూర్చుట నేర్చుకొంటిని. ఇందుకై వెబ్ పుటలు తయారుచేయు సాఫ్టువేరులు కొన్ని ఉచితముగనే లభించుచున్నవి. నేను వాడునది ఎక్సీ లెర్నింగ్. అది న్యూజీలాండులో పుట్టి, పిదప స్పెయిను దేశములో పెంపొందినది. ప్రోగ్రాము వ్రాయుట తెలియనక్కరలేదు. పాఠము టైపు చేసి, బొమ్మను, రికార్డు చేసిన గొంతును చేర్చి, క్రింద ప్రశ్నలుంచవచ్చును. తప్పు జవాబిచ్చిన పిల్లవానికి అది ఎందుకు తప్పో అక్కడనే తెలియజెప్పవచ్చును. పూర్తియైన పాఠమును వెబ్ పుటలుగా ఒక ఫోల్డరులో దాచుకొన్నచో, ఇంటర్నెట్టు లేని బడిలో కూడ బ్రౌజరులో తెరచుకొనును.

నా మొదటి పాఠము రాగి సంగటిని గూర్చి. పొరుగింటి అవ్వ చెప్పుచుండగా రికార్డు చేసితిని. మా అరుగుమీదికి వచ్చు ఏడుగురు పిల్లలు ఆ గొంతు విని మొదట నవ్విరి. పిదప ఆమె మాటలను తెరమీద వ్రేలు పెట్టి చదివిరి. అంతకు ముందు వారిలో నలుగురు తెలుగు పుస్తకము తెరచి ఎరుగరు.

నేను చేసిన పొరపాటు మరొకరు చేయరాదు. నా పాత పాఠములు యూనికోడు గాని ఫాంటులో టైపు చేసినవి. మరొక కంప్యూటరులో తెరువగా పిచ్చిగీతలుగా కనిపించినవి. ఇరువది పాఠములు మరల టైపు చేయవలసివచ్చినది. కనుక యూనికోడులోనే టైపు చేయవలెను. దిద్దుకొనుటకు వీలగు మూల ఫైలును పదిలపరుపవలెను. అది యున్నచో బరంపురములోని ఉపాధ్యాయుడు మా సంగటిని తీసివేసి తన యూరి వంటకమును, తన యూరి మాటను పెట్టుకొనగలడు.

తెలుగు రాష్ట్రముల విద్యాశాఖలవారు కూడ పొరుగు రాష్ట్రముల బడులకిచ్చు పాఠములను పీడీఎఫులుగా మాత్రమే గాక, ఉపాధ్యాయుడు తన పిల్లలకు తగినట్లు మార్చుకొనదగు రూపములో ఈయవలెనని మనవి. యంత్రము ఉపాధ్యాయునికి బదులు కాజాలదు. కాని తెలుగు తరగతి లేని యూరిలో, తీరిక గల పెద్దలు ఏడాదికి నాలుగు పాఠములు కూర్చినను, అక్కడి పిల్లలకు అక్షరములు దక్కును.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హోసూరు.