రంగు మన ఇష్టం, రక్షణ కూడానా?

"పాతకాలం కార్లలో ఎవరికి కావలసిన హంగులు వారు అమర్చుకునేవారు. ఇప్పుడన్నీ ఒకే మూసలో వస్తున్నాయి" అని పెద్దలు అనడం మీరు వినే ఉంటారు. ఇది ఎంతవరకు నిజం? స్టేషన్ వ్యాగన్ అనే బండిని తీసుకుని ఆలోచిద్దాం.

రైల్వే స్టేషనులో దిగిన ప్రయాణికులను సామానుతో సహా ఇంటికి చేర్చే బండి కనుక దానికా పేరు వచ్చింది. దీని పైకప్పు వెనుకదాకా సాగి ఉంటుంది. సామాను వెనుక తలుపు గుండా ఎక్కిస్తారు. 1929లో ఫోర్డు కంపెనీ తన మోడల్-ఎ కారును ఈ రూపంలో, చెక్క బాడీతో తయారుచేసి అమ్మింది. మన దేశంలో ఇలాంటి బండ్లను 'ఎస్టేట్' అన్నారు. అంబాసిడర్ ఎస్టేట్, 1992లో వచ్చిన టాటా ఎస్టేట్ ఈ కోవలోవే.

1950, 60 దశకాల్లో అమెరికాలో వ్యాగన్ కొనేవారి ముందు పెద్ద జాబితా ఉంచేవారు. రేడియో, హీటరు, కప్పుమీద క్యారియర్, మూడో వరుస సీటు - ఒక్కొక్కదానికి ఒక్కొక్క ధర. మనకంత వైభోగం లేదు. బుక్ చేసుకుని ఏళ్లతరబడి ఎదురుచూస్తే కారు చేతికొచ్చేది. ఆ తరువాత సీటు కవర్లు, క్యారియర్ వగైరాలను మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డులాంటి చోట్ల బిగించుకునేవారు. ఈ పద్ధతిలో ఒక సుగుణం ఉంది. బిగించిన వస్తువు కంటికి కనిపించేది. చెడిపోతే మెకానిక్కు విప్పి బాగుచేసేవాడు. కొన్న వస్తువు కొన్నవారిదే.

నేటి కార్లలో చాలా సదుపాయాలు సాఫ్ట్‌వేర్ అధీనంలో ఉన్నాయి. 2022లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ కొన్ని దేశాల్లో సీటును వెచ్చబరిచే సదుపాయానికి నెలసరి చందా పెట్టింది. వేడిచేసే ఏర్పాటు అప్పటికే సీటులో ఉంది! చందా కడితేనే అది పనిచేస్తుంది. విమర్శలు రావడంతో 2023లో ఆ పద్ధతి మానుకుంది. ఈ విషయంలో పాత వ్యాగనే మేలని నా అభిప్రాయం.

అయితే ఆ పాత జాబితాలో మరొక వస్తువు కూడా ఉండేది. 1956 మోడల్ కార్లలో ఫోర్డు సీటు బెల్టును అదనపు ధరకు అమ్మింది. అంటే, ప్రాణరక్షణ కూడా రేడియోలాగే ఒక ముచ్చట! 1968లో గాని అమెరికాలో కొత్త కార్లకు బెల్టు తప్పనిసరి కాలేదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే ఎత్తు వస్తుంది. 196ను 19.6తో భాగించండి: 10 మీటర్లు! ఆ వేగంతో గోడను ఢీకొనడం మూడంతస్తుల మేడమీదినుంచి పడడంతో సమానమన్నమాట. బెల్టు, గాలిసంచి మన శరీరం ఆగడానికి పట్టే కాలాన్ని పెంచి దెబ్బ తీవ్రతను తగ్గిస్తాయి. ఈ సూత్రం కొన్నవారి జేబును చూసి మారదు.

మన దేశంలోనూ చాలాకాలం ఖరీదైన రకానికే గాలిసంచులుండేవి. ప్రభుత్వం 2019లో డ్రైవరుకు, 2021లో ముందుసీటు పక్కవారికి వాటిని తప్పనిసరి చేసింది. పెనుకొండ దగ్గరి కియా కర్మాగారంలో తయారై 2022లో వచ్చిన మూడు వరుసల 'కారెన్స్' కారులో అన్ని రకాలకూ ఆరేసి గాలిసంచులు పెట్టారు. చేయాలనుకుంటే చేయవచ్చుననడానికి ఇదే రుజువు.

ధర పెరగదా అంటారు. పెరుగుతుంది. పెద్ద తెరలు, మెరిసే చక్రాలు తగ్గించి సర్దుకోవచ్చు. రంగు, హంగు కొనేవారి ఇష్టానికి వదలండి. బ్రేకు, బెల్టు, గాలిసంచి మాత్రం అందరికీ ఒక్కటే కావాలి.

మా తడ మీదుగా పోయే జాతీయ రహదారిమీద కార్లను గమనిస్తే వెనుక సీట్లో బెల్టు కట్టుకున్నవారు అరుదు. కట్టుకోవాలని నిబంధన ఉన్నా ఇదీ పరిస్థితి. మీరు ఈసారి కారెక్కినప్పుడు అందులోని సదుపాయాలను 'ముచ్చట', 'రక్షణ' అని రెండు వరుసలుగా రాసి చూడండి. రాసేముందు బెల్టు కట్టుకోవడం మరవకండి!