సౌరవిద్యుత్తు – తీగల పెట్టె

సౌరవిద్యుత్తును గూర్చి మాటలాడునప్పుడు అందరి చూపులు మేడమీది పలకలపైననే నిలుచును. పలకలు ఎన్ని వాట్లవి, ఇన్వర్టరు ఏ కంపెనీది, బ్యాటరీ ఎన్ని గంటలు వచ్చును అని అడుగుదురు. ఈ మూడింటిని కలుపు తీగలు, ఫ్యూజులు, స్విచ్చులు ఎట్టి పెట్టెలో ఉండునో అడుగువారు అరుదు. బేరము కుదురువేళ ధర తగ్గింపవలసి వచ్చినచో మొదట నాసిరకమునకు దిగునది ఆ పెట్టెయే. కోనసీమ వంటి సీమలో ఇది పొదుపు కాదని, ప్రాణములతో చెలగాటమని మా దృఢాభిప్రాయము.

మన ప్రాంతమున బ్యాటరీతో కూడిన సౌరవిద్యుత్తు విలాసవస్తువు కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కొబ్బరితోటలతో పాటు విద్యుత్ స్తంభములను నేలకూల్చి పల్లెలను చీకటిపాలు చేసినది. కరెంటు లైనుకు కలిపిన సాధారణ సౌర ఇన్వర్టరు, లైనులో కరెంటు పోగానే తానును ఆగిపోవును. లైనుపై పనిచేయు కార్మికుల రక్షణకై దాని నట్లు నిర్మింతురు. కావున తుపాను మరునాడు దీపము వెలుగవలెనన్న, లైనుపై ఆధారపడని బ్యాటరీ ఏర్పాటే శరణ్యము. ఆ ఏర్పాటు గాలివానకు నిలుచునా, లేదా అనునది చాలవరకు పెట్టె చేతిలో నున్నది.

పెట్టెకు మొదటి శత్రువు ఉప్పుగాలి. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరగ్రామములలో కిటికీ చువ్వలు ఎంత త్వరగా తుప్పు పట్టునో మన మెరుగుదుము. ఉప్పు తేమను పీల్చి లోహముపై పలుచని తడిపొరను నిలిపియుంచును. రంగు వేసిన ఇనుపరేకు పెట్టెకు ఒక గీత పడిన చాలును, తుప్పు అచ్చటనుండి బయలుదేరును. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకము కంటె, మాలిబ్డినము కలిసిన 316 రకము ఉప్పునకు ఎక్కువగా ఓర్చును. అంత ఖర్చు భరింపలేనివారికి గాజునార కలిసిన ఫైబరు పెట్టెగాని, ఎండకు పెళుసుబారని రకపు పాలికార్బొనేట్ పెట్టెగాని మేలు.

రెండవ శత్రువు నీరు. పెట్టెపై ముద్రించు ఐ.పి. సంఖ్యను విద్యార్థులు చదువ నేర్వవలెను. అందు మొదటి అంకె ధూళిని గూర్చి, రెండవ అంకె నీటిని గూర్చి చెప్పును. ఐ.పి. 65 అనగా ధూళి చొరబడదు, గొట్టముతో చిమ్మిన నీరు హాని చేయదు. అంతేకాని వరదలో మునిగినను చెడదని అర్థము కాదు. తుప్పును గూర్చి ఆ సంఖ్య ఏమియు చెప్పదు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి మన లంకలను ముంచినది. ఆ వరదల నీటిగుర్తుకు పైననే పెట్టెను బిగింపవలెను. తీగలు అడుగుభాగమునుండి పెట్టెలోనికి పోవలెను. పైనుండి పోయినచో వాననీరు తీగ వెంబడి లోనికి దిగును. ప్రతి రంధ్రమునకును తీగ లావునకు సరిపడు గ్లాండు ఉండవలెను. వాడని రంధ్రములను మూయనిచో చీమలు, బల్లులు అందు కాపురము పెట్టును.

మూడవది వేడి. నీరు చొరరాదని ఇన్వర్టరును సైతము బిగువైన పెట్టెలో మూయుట తగదు. 3 కిలోవాట్ల యంత్రమున నూటికి పది వంతులు వృథా యగుననుకొన్నను దాదాపు 300 వాట్లు వేడిగా మారును. కావున ఇన్వర్టరునకు గాలి యాడు నీడపట్టు కావలెను. సీసము, ఆమ్లము గల బ్యాటరీలు చార్జి యగునప్పుడు హైడ్రోజను వాయువు వెలువడును. గాలిలో అది నూటికి 4 వంతులకు చేరినచో చిన్న నిప్పురవ్వకే అంటుకొనును. అందుచే బ్యాటరీలను, స్విచ్చులను ఒకే పెట్టెలో బంధింపరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మన ఇండ్లలోని ఏ.సి. కరెంటు సెకనుకు 100 మారులు శూన్యమగును. అందువలన స్విచ్చి తీసినప్పుడు పుట్టు మెరుపు త్వరగా ఆరిపోవును. పలకలనుండి వచ్చు డి.సి. కరెంటునకు అట్టి విరామము లేదు. వదులైన స్క్రూ వద్ద పుట్టిన మెరుపు ఆరక మండుచుండును. కావున డి.సి.కి తగిన ఫ్యూజులు, స్విచ్చులే వాడవలెను. డి.సి., ఏ.సి. తీగలకు వేరువేరు పెట్టెలుండవలెను. ఆ పెట్టెలు నిప్పంటుకొనని సరుకుతో చేసినవై యుండవలెను.

మంచి పెట్టెకు ధర హెచ్చని కొంద రందురు. నిజమే. అన్నిచోట్ల ఖరీదైన పెట్టెయే కావలెనని మేమనుట లేదు. సముద్రమునకు దూరముగా కొత్తపేట వైపు, ఇంటిలోపలి పొడిగోడపై సామాన్యమైన ప్లాస్టిక్ పెట్టె చాలవచ్చును. రాజోలు దీవిలో మేడమీద ఉప్పుగాలికి ఎదురుగా నిలుచు పెట్టెకు అది చాలదు. స్థలమును బట్టి పెట్టెను ఎన్నుకొనుటయే వివేకము. పలకలకు సాధారణముగా 25 ఏండ్ల హామీ ఇత్తురు. వాటి తీగలను కొన్ని వానకాలములకే తుప్పుపట్టు పెట్టెలో ఉంచుట ఏమి లెక్క?

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి యిది. సౌరవిద్యుత్తు నమర్చదలచిన నాడు మొత్తము ధరను మాత్రమే చూచి కొటేషనును అంగీకరింపవలదు. పెట్టె దేనితో చేసినది, ఐ.పి. సంఖ్య యెంత, ఏ గోడపై ఎంత ఎత్తున బిగింతురు అను సంగతులను వేరుగా వ్రాయించుకొనుడు. ఏటేట తుపానుల కాలమునకు ముందు నిపుణుడైన ఎలక్ట్రీషియనుచే స్క్రూలు, గాస్కెట్లు పరీక్ష చేయించుడు.

విద్యార్థి మిత్రులారా! మీరు బయటనుండి తుప్పును, పగుళ్లను కనిపెట్టి పెద్దలకు తెలుపుడు. మూత మాత్రము తెరువకుడు. మెయిన్ ఆపినను, ఎండ యున్నంతవరకు పలకల తీగలలో కరెంటు ఉండనే ఉండును. సూర్యుడు తన వెలుగును ఉచితముగా ఇచ్చుచున్నాడు. దానిని అపాయము లేకుండ మన గదిలోనికి తెచ్చుకొను బాధ్యత మాత్రము మనదే.